ఓడ ఆగలేదు, కోతి కరిచింది, పగడం పట్టుబడింది: కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది విజయవాడ. గత మే నెలలో మా ఆయన, నేను, అత్తగారు, ఇద్దరు పిల్లలం సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్లాం. ఊళ్లోని ట్రావెల్ ఏజెన్సీకి మొత్తం 6,40,000 రూపాయలు కట్టాం. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో ఒడ్డుకి దించి టూర్లు తిప్పుతామన్నారు. వాతావరణం బాగాలేదని ఓడ పెనాంగ్‌లో ఆగనే లేదు. ఫుకెట్‌లో ఏనుగుల శాంక్చువరీలో మూడు గంటలు అని చెప్పి, ఆలస్యమైందంటూ కోతులుండే ఒక కొండకి తీసుకెళ్లారు. అక్కడ గైడే మా తొమ్మిదేళ్ల బాబు చేతిలో పల్లీలు పోశాడు. కోతి చెయ్యి కొరికింది. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వం అన్నారు. తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో, బాబు బీచ్‌లో ఏరి తెచ్చుకున్న తెల్లటి పగడపు ముక్కను కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. ఏజెన్సీ ఏమో "కేసు సింగపూర్‌లోనే వేయాలి, టికెట్ మీద రాసి ఉంది" అంటోంది. మా డబ్బులు వస్తాయా? బాబు మీద కేసు పెడతారా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, చట్టం సంగతికి ముందు ఒక మాట. మీరు పంపిన కాగితాల్లో బాబు రేబిస్ టీకా కార్డు కూడా ఉంది. 0, 3, 7, 14 రోజుల గడుల్లో తేదీలున్నాయి, 28వ రోజు గడి ఖాళీగా ఉంది. వేయించి రాయించుకోలేదా, అసలు వేయించలేదా? ఈ జవాబు చదవడం ఆపి అయినా సరే, ఆ కార్డు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి అడగండి. మిగతావి రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు.

ఇక కేసు. మీ ఉత్తరం నిండా ఓడ మీద కోపమే ఉంది. కానీ నాకు ఆ ఓడకన్నా మీ ఏజెన్సీ ఇచ్చిన ఇన్‌వాయిస్ మీదే ఆసక్తి. డబ్బు ఎవరు తీసుకున్నారు, తీసుకుని ఏ కాగితం ఇచ్చారు? మీ కేసంతా ఆ రెండింటి మీదే నడుస్తుంది.

సింగపూర్‌లో కేసు వేయాలన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. క్రూయిజ్ టికెట్ల మీద అలాంటి షరతు మామూలే, కొన్ని దేశాల కోర్టులు దాన్ని గట్టిగానే పట్టించుకుంటాయి. అమెరికాలో కార్నివల్ క్రూయిజ్ లైన్స్ వర్సెస్ షూట్ అని పేరుమోసిన కేసు ఉంది. వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన దంపతులు లాస్ ఏంజెలిస్‌లో ఓడ ఎక్కారు. ఓడ వంటగది చూపిస్తుండగా ఆవిడ జారిపడ్డారు. దావా ఏదైనా ఫ్లోరిడాలోనే వేయాలని టికెట్ మీద ఉంది. 1991లో అక్కడి సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లుతుందని తేల్చింది. అంటే దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లాలన్నమాట. అందుకే ఓడ కంపెనీ వెంటపడి మీ శక్తి ఖర్చు పెట్టుకోవద్దంటున్నాను.

కానీ మీరు ఓడ కంపెనీకి డబ్బు కట్టలేదు, విజయవాడలో ఉన్న ఏజెన్సీకి కట్టారు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 34 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు, అవతలివాళ్ల ఆఫీసో, వివాదం పుట్టిన చోటో చూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ లేదు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. మీ 6,40,000 రూపాయలకి కోర్టు ఫీజు ఎంతో తెలుసా? 200 రూపాయలు. ఓడ మీద ఒక కాఫీకి అంతకంటే ఎక్కువే తీసుకుని ఉంటారు.

ఏజెన్సీ తర్వాతి మాట ఏంటో కూడా నాకు తెలుసు: "మేం బుకింగ్ ఏజెంట్లం మాత్రమే, సర్వీసు ఓడవాళ్లది." ఇక్కడే ఇన్‌వాయిస్ తీయండి. మీ ఇన్‌వాయిస్‌లో "కమిషన్" అన్న మాట ఎక్కడా లేదు. "ఫ్యామిలీ క్రూయిజ్ ప్యాకేజీ" అని ఒక లైను, దాని కింద "షోర్ ఎక్స్‌కర్షన్స్ - పెనాంగ్, ఫుకెట్: రూ.1,15,000" అని ఇంకో లైను, ఆ కింద జీఎస్టీ, చివర టీసీఎస్. ఈ టీసీఎస్ అనేది విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినవాళ్లు, అమ్మకందారుగా కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర అమ్మకందారు, మీ దగ్గర మాత్రం ఉత్త మధ్యవర్తి అంటే కుదరదు. ఈ ఒక్క పాయింట్ మీద ఏజెన్సీలు చాలా తడబడతాయి. మీ ఆయన ఫామ్ 26ఏఎస్ (ఆయన పాన్ మీద జమైన పన్నుల లెక్క) డౌన్‌లోడ్ చేసి అందులో ఆ టీసీఎస్ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపిస్తే అదొక సాక్ష్యం. పైగా ఆ డబ్బు రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, చాలామంది మర్చిపోతారు.

పెనాంగ్ విషయంలో మాత్రం మీరు అనుకుంటున్నంత బలం లేదు. వాతావరణం చూసి రేవులో ఆగాలా వద్దా అని తేల్చేది కెప్టెన్. భద్రత కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓడ యజమాని కూడా అడ్డుపడకూడదని సోలాస్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది. "హాలిడే పాడైంది, మొత్తం 6,40,000 వెనక్కివ్వండి" అని రాస్తే కమిషన్ మొదటి వాయిదాలోనే మీ మీద నమ్మకం తగ్గించుకుంటుంది. అడగాల్సింది రెండే: ఆగని రేవుకి కట్టించుకున్న పోర్టు ఫీజు, జరగని పెనాంగ్ టూర్ డబ్బు. పోర్టు ఫీజు కింద ఓడలో మనిషికి ఇంత అని ఆన్‌బోర్డ్ క్రెడిట్, అంటే ఓడలోనే ఖర్చు పెట్టుకునే మొత్తం, ఇచ్చారని రాశారు. అది వాడుకున్నంత మాత్రాన మిగతా హక్కులు పోవు, "ఇంతటితో సెటిల్ అయింది" అని మీరు ఎక్కడా సంతకం పెట్టకపోతే. టూర్ డబ్బు మాత్రం ఏజెన్సీ జేబులోనే ఉంది. ఓడ ద్వారా బుక్ చేసిన టూరైతే రేవు రద్దయినప్పుడు ఓడవాళ్లు సాధారణంగా వాపసు ఇస్తారు. ఇచ్చింది ఏజెన్సీ దగ్గరే ఆగిపోయిందా అని నోటీసులో సూటిగా అడగండి.

ఫుకెట్ దగ్గర కథ మారుతుంది. మీ అసలు కేసు ఇక్కడుంది. ఏజెన్సీ అమ్మాయి మీకు వాట్సాప్‌లో పంపిన ప్రోగ్రామ్‌లో "ఎలిఫెంట్ శాంక్చువరీ, 3 గంటలు, ఏనుగులకు స్నానం చేయించొచ్చు" అని ఉంది. జరిగిందేమో కొండ మీద నలభై నిమిషాలు, ఆ తర్వాత గంటన్నర సావనీర్ షాపులు. ఆలస్యం ఎందుకైందో కూడా మీరే రాశారు: ఓడ దూరంగా లంగరేసింది, చిన్న బోట్లలో ఒడ్డుకి చేర్చడానికి క్యూ పట్టింది. పటాంగ్ బీచ్ వైపు దిగేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు, టూర్లు అమ్మేవాళ్లకి తెలిసే ఉంటుంది. తెలిసీ చెప్పలేదంటే, అవసరమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే అని చట్టంలో లోపం అనే మాటకిచ్చిన నిర్వచనమే చెబుతోంది.

ఇక పల్లీలు. మీ అత్తగారు తీసిన 14 సెకన్ల వీడియో చూశాను. గైడ్ తన సంచిలోంచి పొట్లం తీస్తాడు, బాబు అరచేతిలో పోస్తాడు, "ఓకే, ఓకే, నో బైట్" అంటాడు. వెనకాల పసుపు బోర్డు మీద కోతి బొమ్మ, దాని మీద అడ్డగీత. అమ్మా, ఆ వీడియో విలువ మీకు తెలియదు. "పిల్లాణ్ణి మీరు చూసుకోలేదు" అని ఏజెన్సీ అనబోయే మాటకి అదే జవాబు. ఆ ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. వాట్సాప్ చాట్‌కి, వీడియోకి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. పాత 65బి సర్టిఫికెట్ స్థానంలో వచ్చింది అదే. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్యం నియమాలు అంత బిగువుగా ఉండవు గానీ, అవతలి లాయర్‌కి లేవనెత్తడానికి ఒక అభ్యంతరం ఎందుకు మిగల్చాలి?

సేవాలోపం జరిగిందని నిరూపించే బాధ్యత ఫిర్యాదుదారుదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరులో డాల్ఫిన్ ఉంది గానీ అది ఎగుమతి చేసిన వేరుశనగల నాణ్యత గొడవ. అక్కడా పల్లీలే, ఇక్కడా పల్లీలే. అక్కడ ఫిర్యాదుదారు నిరూపించలేక ఓడిపోయారు. మీ దగ్గర వీడియో ఉంది.

ఏం అడగాలి? రెండు చోట్ల టూర్ల డబ్బు 1,15,000, ఓడ మెడికల్ సెంటర్ బిల్లు, ఫుకెట్ ఆసుపత్రి బిల్లు, ఇక్కడి ఇంజెక్షన్ల ఖర్చు, పోర్టు ఫీజులో తేడా, మానసిక వేదనకి, కేసు ఖర్చులకి ఒక సబబైన మొత్తం. ఈ ఆఖరి దానికి ఇరవై లక్షలు వేద్దామని మీ బావగారు అన్నారని రాశారు. వద్దనండి. ముందు ఏజెన్సీకి స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. చట్టం తప్పనిసరి అనలేదు గానీ, సగం ఏజెన్సీలు ఆ కాగితం చూశాకే ఫోన్ చేస్తాయి. ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే వేయొచ్చు, లాయర్ ఉండి తీరాలని లేదు. మధ్యవర్తిత్వానికి పంపుతాం అని కమిషన్ అంటే ఒప్పుకోండి. ఇలాంటి మొత్తాలు అక్కడే త్వరగా తెగుతాయి.

ఇన్సూరెన్స్‌ది వేరే దారి. "అడవి జంతువుకి మేత పెట్టి కావాలని ప్రమాదం కొనితెచ్చుకున్నారు" అన్నది వాళ్ల కారణం. తొమ్మిదేళ్ల పిల్లవాడికి, గైడ్ చేతుల మీదుగా జరిగినదానికి ఆ మాట వర్తించదని వీడియో లింకుతో కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆఫీసు పరిధిలోదే. ఫీజు లేదు, తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. కాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీని కమిషన్ కేసులో చేర్చారా, అదే విషయం మీద అంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి కమిషన్‌లో ఏజెన్సీ ఒక్కదాన్నే పెట్టండి. అంబుడ్స్‌మన్ ద్వారా ఆసుపత్రి బిల్లు వచ్చేస్తే కమిషన్‌కి ఆ మాట చెప్పాలి, ఒకే బిల్లుకి రెండుసార్లు తీసుకోకూడదు.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని సంగతి, పగడం. ఇది ఏజెన్సీ గొడవతో కలపకండి, ఒక్క వాక్యం కూడా ఆ ఫిర్యాదులో రాయకండి.

మనవాళ్లు బీచ్‌లో దొరికింది ఏరుకోవడం తప్పుగా చూడరు. రామేశ్వరం నుంచి గవ్వలు, శంఖాలు తెచ్చుకునే అలవాటు. కానీ రాతిలా గట్టిగా ఉండే ఆ తెల్లటి ముక్క నిజానికి ఒక జీవి అస్థిపంజరం. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆ జాతులు షెడ్యూల్ 1లో, అంటే పులితో పాటు ఉన్నాయి. అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో ఆ పని చేసి ఉంటే కనీస శిక్షే మూడేళ్లు, రాజీకి కూడా వీల్లేని నేరం. తాయ్‌లాండ్‌లోనూ తీయకూడదు. అంతర్జాతీయంగా, అరుదైన జంతువుల, మొక్కల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందం జాబితాలో ఉన్నందున పర్మిట్ లేకుండా దేశంలోకి తేకూడదు. అందుకే కస్టమ్స్ వాళ్లు సీజ్ చేశారు.

బాబు మీద కేసు భయం పెట్టుకోకండి. ఏడేళ్లు దాటి పన్నెండు నిండని పిల్లలకి చేసిన పని పర్యవసానం అర్థం చేసుకునే పరిపక్వత లేకపోతే అది నేరం కాదని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 21 చెబుతుంది. కానీ సూట్‌కేసు మీ ఆయనది, గ్రీన్ చానల్‌లోంచి, అంటే కస్టమ్స్‌కి చెప్పాల్సిందేమీ లేదనేవాళ్ల దారిలోంచి, నడిచి వచ్చిందీ ఆయనే. నోటీసు వస్తే ఆయన పేరనే వస్తుంది. మామూలుగా సీజ్ చేసిన ఆరు నెలల్లో కస్టమ్స్ చట్టం సెక్షన్ 124 కింద షోకాజ్ నోటీసు ఇస్తారు, ఆ గడువు ఇంకో ఆరు నెలలు పొడిగించే వీలు వాళ్లకుంది. వచ్చిందంటే గడువులోపు జవాబు రాసి, పర్సనల్ హియరింగ్ అడగాలి. ఆ రోజు ఆయన ఇచ్చిన స్టేట్‌మెంట్ కాపీ మీ కాగితాల్లో లేదు, రాసి అడిగి తెప్పించుకోండి. అందులో ఉన్నదానికి, రేపటి జవాబుకి తేడా రాకూడదు.

పంచనామాలో ఒక లైను దగ్గర నేను ఆగిపోయాను: "నీలం రంగు సాక్సులో చుట్టి ఉన్న పగడం, 1". సరుకు దాచడానికి వాడిన వస్తువును కూడా జప్తు చేయొచ్చని కస్టమ్స్ చట్టం సెక్షన్ 119 అంటుంది, అందుకే సాక్సు కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఆ "చుట్టి" అన్న మాటను "దాచి" అని చదివితే జరిమానా పెరుగుతుంది. పగలకుండా బాబే చుట్టుకున్నాడని, ఫుకెట్ బీచ్‌లో అదే ముక్క చేత్తో పట్టుకుని దిగిన ఫొటో ఫోన్లో ఉందని, దాచే ఉద్దేశం ఉంటే ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెట్టేవాళ్లం కాదని జవాబులో రాయించండి. ఆ ఫొటో తేదీతో సహా జత చేయండి. పగడం వెనక్కివ్వమని మాత్రం అడగకండి. సాక్సు కూడా వదిలేయండి.