షార్ట్ ఫిలిం: ఫ్యాన్ ఆపండి, మైకు దగ్గరికి తెండి

ప్రశ్న: మా స్క్రిప్టు 8 పేజీలు. క్లాస్‌రూమ్, హాస్టల్ గది, క్యాంటీన్... అన్నీ శని, ఆదివారాల్లో ఫోన్‌తోనే తీయాలి. కుదురుతుందా? (ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ)

జవాబు: పేజీకి నిమిషం లెక్కన 8 నిమిషాల సినిమా. కొత్తవాళ్లకు ఒక్కో షాట్‌కు ఏర్పాట్లతో కలిపి 20 నిమిషాలు పడుతుంది. భోజనం, సామాను మోతలు పోను రోజుకు 20 షాట్లు తీస్తే గొప్పే. షాట్ల జాబితా 40 దాటితే కోత ఇప్పుడే పెట్టుకోండి. క్యాంటీన్ సీను హాస్టల్ గదిలో జరిగితే కథకు నష్టమా? చోటు మారితే గంట పోతుంది, పైగా క్యాంటీన్‌లో గిన్నెల మోతను మీరు ఆపలేరు.

కథ వరసలో తీయకండి. ఒక చోట జరిగేవన్నీ ఒకేసారి తీయాలి. అందులోనూ కెమెరా తలుపు వైపు చూసే షాట్లన్నీ అయ్యాకే కిటికీ వైపు తిప్పాలి. ఇలా తీస్తే కంటిన్యుటీ (ఒక షాట్‌కూ తర్వాతి షాట్‌కూ పొంతన) తప్పుతుంది కాబట్టి షాట్ అవ్వగానే నటుల్ని ఫొటో తీసిపెట్టుకోండి: చేతులు మడిచారా, గ్లాసులో టీ ఎంతుంది, వాచీ ఏ చేతికుంది. డైలాగుకు ముందూ వెనకా 5 సెకన్లు రికార్డింగ్ నడవనివ్వండి. తొందరపడి కట్ చెబితే ఎడిటింగ్‌లో అతుక్కి చోటుండదు.

ప్రశ్న: టెస్ట్ షూట్‌లో ట్యూబ్‌లైట్ కింద నల్లచారలు కదులుతున్నాయి. మాటలేమో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. మంచి కెమెరా కొనాలా? (డిగ్రీ విద్యార్థిని, వరంగల్)

జవాబు: అక్కర్లేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది. ఫోన్ షట్టర్ వేగం దానితో కుదరకపోతే చారలొస్తాయి. ప్రో మోడ్‌లోనో, బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్‌లోనో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (సెకనులో 50వ వంతు) పెట్టి లాక్ చేయండి. ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) కూడా లాక్ చేయాలి. లేదంటే తెల్లచొక్కా ఫ్రేములోకి రాగానే మిగతా మొహాలు నల్లబడతాయి. అయినా చారలుంటే బల్బు నాసిరకం, మార్చేయండి. ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా పాలిపోతుంది, లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు కావాలి.

అసలు డబ్బు పెట్టాల్సింది మైకు మీద. ఫోన్ ఆరడుగుల దూరంలో ఉంటే దానికి మాటకన్నా గోడల ప్రతిధ్వనే ఎక్కువ వినిపిస్తుంది. దూరం సగమైన ప్రతిసారీ మాట 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, ప్రతిధ్వని పెరగదు. కాలర్ మైకు లేకపోతే రెండో ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో రికార్డర్‌గా వాడండి, ఫ్రేములో పడకుండా నటుడికి అడుగు దూరంలో పెట్టండి. జేబులో వద్దు, బట్ట రాపిడి వినిపిస్తుంది. షాట్ మొదట్లో ఒక్క చప్పట్టు కొడితే ఎడిటింగ్‌లో రెండు ఫైళ్లూ అక్కడ కలుస్తాయి. కెమెరా వెనక గోడకు దుప్పట్లు కట్టండి. ఫ్యాన్ టేకుల మధ్యే తిరగాలి; దాని హోరు తర్వాత తీసేయబోతే మాట కూడా డొల్లవుతుంది. కదిలే ముందు ప్రతి చోటా 30 సెకన్లు అందరూ నోరు మూసుకుని గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి, మాటల మధ్య ఖాళీల్లో అదే వేస్తారు.

ప్రశ్న: సినిమా పాట పది సెకన్లలోపు వాడుకోవచ్చంటున్నారు, నిజమేనా? (జూనియర్ కాలేజీ విద్యార్థి, నల్గొండ)

జవాబు: 1957 కాపీరైట్ చట్టంలో అలాంటి సెకన్ల లెక్కేమీ లేదు. పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ వ్యవస్థ కంటెంట్ ఐడీ చిన్న ముక్కనైనా పట్టేయగలదు. మీ స్నేహితుడు పాడినా బాణీ, సాహిత్యం ఆ పాట హక్కుదారులవే. సొంతంగా ట్యూన్ కట్టగలిగినవాళ్లు కాలేజీలో ఉంటే వాళ్లతో చేయించుకుని, వాడుకోవచ్చని సంతకం చేసిన కాగితం తీసుకోండి.