మరిగే నీటిలో 97 చూపిస్తున్న కంట్రోలర్‌కు 3 కలపాలా?

నమస్కారం. మీరు రెండు విషయాలు అడిగారు. కోరాపుట్‌లోని మీ లాడ్జీకి వేడినీళ్లు ఇచ్చే కట్టెల బాయిలర్‌కు కొత్తగా బిగించిన డిజిటల్ కంట్రోలర్, సెన్సార్‌ను మరుగుతున్న నీటిలో ముంచితే 97 చూపిస్తోంది కనుక రీడింగును సరిదిద్దే ఆఫ్‌సెట్ సెట్టింగులో 3 కలపాలా అన్నది మొదటిది. 75 దగ్గర మంటకు గాలి ఊదే బ్లోయర్ ఆగిపోతున్నా నీరు 86 వరకు ఎందుకు వెళుతోంది, ఏ అంకెలు పెట్టుకోవాలి అన్నది రెండవది. నేను రాయగడలో ఉంటూ ఈ రెండు జిల్లాల హాస్టళ్లలో, లాడ్జీలలో బాయిలర్ల కరెంటు పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి అనుభవంతో చెబుతున్నాను.

దయచేసి 3 కలపకండి. మీ సెన్సార్ సరిగ్గానే చెబుతోంది. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కనుక తెరిచిన పాత్రలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. సుమారు 200 మీటర్ల ఎత్తున్న మా రాయగడలో అదే నీరు 99 దాటాక మరుగుతుంది. అనుమానం తీరాలంటే ఐస్‌ను దంచి కొద్దిగా నీరు పోసి, బాగా కలిపి అందులో సెన్సార్ పెట్టండి. సున్నా చూపితే ఆఫ్‌సెట్‌ను ముట్టుకోనవసరం లేదు. మీది పీటీ 100 (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం) సెన్సార్ అయి, ఐసులో కూడా రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపితే, తీగను చూడండి. ఆ సెన్సార్ నిరోధం డిగ్రీకి దాదాపు 0.385 ఓమ్ చొప్పున మారుతుంది కాబట్టి, పొడవైన రెండు తీగల కనెక్షన్‌లో ఒక్క ఓమ్ అదనంగా చేరినా రీడింగు 2.6 డిగ్రీలు పెరుగుతుంది. మూడు తీగల సెన్సార్‌ను మూడు తీగలతోనే కంట్రోలర్ వరకు తీసుకురావాలి.

ఈ ఎత్తు సంగతి నేను నేర్చుకున్న తీరు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. కోరాపుట్‌లోనే ఒక హాస్టల్‌కు కంట్రోలర్ అమర్చినప్పుడు, రాయగడ అలవాటు కొద్దీ ప్రమాద అలారాన్ని 98 దగ్గర పెట్టి వచ్చాను. అది నీటిమట్టం బాయిలర్ పైఅంచు వరకే ఉండే, పైన తెరిచి ఉన్న రకం. ఆ డిసెంబరులో ఒక తెల్లవారుజామున సర్క్యులేషన్ పంపు కెపాసిటర్ పోయి నీరు కదలకుండా నిలిచిపోయింది. బాయిలర్ సలసల మరిగి, గొట్టంలోంచి ఆవిరి చిమ్మింది. తెరపై 97 నిలకడగా కనిపిస్తూనే ఉంది, అలారం మాత్రం మోగలేదు. మోగే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ ఊళ్లో ఆ నీరు 98కి చేరదు. పిల్లలెవరూ దగ్గరలో లేనందువల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తప్పు నాది. వేడికి ఉబ్బిన నీరు చేరే మీ విస్తరణ ట్యాంకు బాయిలర్‌కు పైన కొన్ని మీటర్ల ఎత్తున ఉంటే లోపలి నీరు మరికొంత ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది, అయినా అలారాన్ని 90 దాటనివ్వకండి.

ఇక 86 సంగతి. బ్లోయర్ ఆగితే మంట తగ్గుతుందే గాని నిప్పు ఆరదు. నీలగిరి కట్టె కణికలై ఎర్రగా ఉన్నంతసేపూ నీటికి వేడి ఇస్తూనే ఉంటుంది. కంట్రోలర్ చేతిలో ఉన్నది గాలి మాత్రమే, నిప్పు కాదు. అందువల్ల ఒక రోజు మామూలుగా కట్టెలు వేసి, బ్లోయర్ ఆగిన క్షణం నుంచి అయిదేసి నిమిషాలకు ఒకసారి రీడింగు కాగితం మీద రాసుకోండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆగాక 11 డిగ్రీలు పెరుగుతోంది. గరిష్ఠంగా 78 దగ్గర నిలవాలనుకుంటే సెట్ విలువ 67 పెట్టాలి. హిస్టరిసిస్, అంటే ఆగే అంకెకూ మళ్లీ మొదలయ్యే అంకెకూ మధ్య ఉండే ఎడం, 4 ఉంచండి. ఒక డిగ్రీ ఉంచితే బ్లోయర్‌కు కరెంటు కలిపి తెంచే స్విచ్ అయిన కాంటాక్టర్ టకటక కొట్టుకుంటూ కొన్నాళ్లకు పాయింట్లు అతుక్కుపోతాయి, అప్పుడు బ్లోయర్ ఆగనే ఆగదు. కొన్ని కంట్రోలర్లు ఈ ఎడాన్ని సెట్ విలువకు కిందనే లెక్కిస్తాయి, కొన్ని ఇరువైపులా పంచుతాయి. మీదానిలో బ్లోయర్ ఏ అంకె దగ్గర మొదలవుతోందో, ఏ అంకె దగ్గర ఆగుతోందో కళ్లారా చూసి నిర్ణయించుకోండి.

పీఐడీ పద్ధతిని (వేడి మారే తీరును లెక్కగట్టి శక్తిని కొద్దికొద్దిగా హెచ్చించి తగ్గించేది), దాని అంకెలను కంట్రోలరే నేర్చుకునే ఆటో ట్యూన్‌ను ఇక్కడ వాడకండి. కరెంటు హీటర్లకు అవి చక్కగా పనిచేస్తాయి. కట్టె మాత్రం ఒకరోజు పచ్చిది, ఒకరోజు ఎండుది. నిన్న కంట్రోలర్ నేర్చుకున్న లెక్క ఈరోజు కుదరదు. మామూలు ఆన్-ఆఫ్ పద్ధతే ఇక్కడ సరైనది.

కంట్రోలర్‌లోని రెండో రిలేను (లోపలి స్విచ్‌ను) పంపుకు కేటాయించి, బాయిలర్ నీరు 60కి చేరాకే పంపు మొదలై, 55కి దిగితే ఆగేలా పెట్టండి. చల్లని నీరు తిరుగుతూ ఉంటే పొగలోని తేమ, తారు లోపలి రేకుకు పట్టి అది తొందరగా తుప్పు పడుతుంది. గదులకు వెళ్లే నిల్వ ట్యాంకులోని నీరు 60 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోండి, ఎందుకంటే 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది. అయితే 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాల్లోనే చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి స్నానాల గదులకు ముందు చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు తప్పనిసరి.

అన్నిటికంటే ముఖ్యంగా, భద్రతను ఈ కంట్రోలర్ ఒక్కదానికే వదిలేయకండి. చేత్తో రీసెట్ చేయవలసిన మామూలు థర్మోస్టాట్ ఒకటి విడిగా తీసుకుని, 90 దగ్గర బ్లోయర్ కాంటాక్టర్ కాయిల్ సరఫరాను తెంచేలా కలపండి. కంట్రోలర్ పాడైనా అది తన పని చేస్తుంది. వానాకాలపు గాలివానలకు కరెంటు పోతే బ్లోయర్‌తో పాటు పంపు కూడా ఆగుతుంది, నిప్పు మాత్రం మండుతూనే ఉంటుంది. పంపుకు ఇన్వర్టర్ పెట్టండి. ఆవిరి బయటకు పోయే గొట్టానికి ఏ కారణం చేతనూ వాల్వు బిగించనివ్వకండి. చివరగా, పొయ్యి పూర్తిగా చల్లారి ఉన్న రోజున సరఫరా ఆపి, సెన్సార్ తీగ ఒకటి ఊడదీసి, మళ్లీ స్విచ్ వేయండి. బ్లోయర్ ఆగి ఉండాలి, పంపు తిరగాలి. అలా జరగకపోతే సెన్సార్ తెగినప్పుడు రిలేలు ఏ స్థితిలో ఉండాలో చెప్పే సెట్టింగును మార్చి, మళ్లీ పరీక్షించాకే నిప్పు వేయండి.