కుట్టుపని – మీ ప్రశ్నలు: ఎనిమిది మొనల నక్షత్రం

ప్రశ్న: క్విల్ట్ (ముక్కలు అతికి కుట్టే బొంత) కోసం లెమోయిన్ స్టార్ బ్లాకు, అంటే ఎనిమిది డైమండ్ ముక్కలు కలిపిన నక్షత్రం ఉండే చతురస్రం, 12 అంగుళాలది కుడుతున్నాను. నక్షత్రం నడిమి భాగం గిన్నె బోర్లించినట్టు లేస్తోంది, ఇస్త్రీ చేసినా అణగడం లేదు. కొన్ని డైమండ్ ముక్కల భుజాలు కూడా సమానంగా రాలేదు. – ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ముందు భుజాల సంగతి. డైమండ్ల కోసం 3 అంగుళాల వెడల్పు పట్టీ తీసి, దాన్ని 45 డిగ్రీల వాలులో కోస్తాం. రెండో కోతకు 3 అంగుళాలను మీరు పట్టీ అంచు వెంబడి కొలిచి ఉంటారు. అలా కొలిస్తే ముక్క వెడల్పు 2⅛ అంగుళాలకు పడిపోతుంది. కొలవాల్సింది వాలుగా కోసిన అంచు నుంచి, దానికి నిటారుగా. స్కేలు మీది 3 అంగుళాల గీత ఆ వాలు అంచు పొడవునా కూర్చోవాలి, 45 డిగ్రీల గీత పట్టీ కింది అంచు మీద ఉండాలి. రెండూ ఒకేసారి కుదరలేదంటే వాలు తప్పినట్టే. సన్నటి చీలిక కోసి వాలు సరిచేసుకున్నాకే తర్వాతి ముక్క. రెండు రంగుల్లో నాలుగేసి ముక్కలకు ఒక్కో రంగులో 22 అంగుళాల పొడవు పట్టీ చాలు.

ఇక నడిమి ఉబ్బు. ఎనిమిది 45లు కలిస్తే 360. ఒక్కో ముక్కలో 1 డిగ్రీ తగ్గితే నడుమ 8 డిగ్రీల బట్ట తక్కువై పైకి లేస్తుంది. మూడున్నర అంగుళాల అంచు చివర 1 డిగ్రీ అంటే 1/16 అంగుళమే, టైలరు సుద్ద గీసిన గీతంత. కోత సరిగానే ఉన్నా, కుట్టు నడిమి దగ్గర అంచుకు ¼ అంగుళం లోపల మొదలై బయటి చివరకు వెళ్లేకొద్దీ లోతుగా పడితే ఇదే గతి. అదే బయటి చివర అంచుకు దగ్గరగా జరిగితే ఉబ్బు రాదు గానీ చుట్టూ అలలు తేలతాయి. ఇది కోణంలో తేడా కాబట్టి ఇస్త్రీ పెట్టె ఎంత నొక్కినా వాలు అంచులు సాగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

నాలుగు ముక్కలు కలిపి సగం నక్షత్రం అయినప్పుడే కింది అంచుకు స్కేలు ఆనించి చూడండి. వంకర ఉంటే కత్తెరతో తిన్నగా కోసేయకండి, నడిమి మొనలు తెగిపోతాయి. బయటి చివర వైపు కుట్టు విప్పి మళ్లీ వేయడమే దారి.

ప్రశ్న: నక్షత్రం మొనల మధ్య ఖాళీలు నింపే మూల చతురస్రాలు, పక్క త్రికోణాలు ఎంతెంత కోయాలి? రెండు డైమండ్లు కలిసే లోపలి మూలలో ఎప్పుడూ ముడత పడుతోంది. – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పైన చెప్పిన పట్టీకైతే చతురస్రం 4 1/16 అంగుళాలు, అంటే స్కేలు మీద 4కూ 4⅛కూ సరిగ్గా నడుమ. నాలుగు కోయండి. త్రికోణాలకు 6¼ అంగుళాల చతురస్రం ఒక్కటి తీసుకుని, రెండు కర్ణాల వెంబడీ కోస్తే నాలుగూ వచ్చేస్తాయి. అప్పుడు పొడవాటి భుజం నేత పోగు వెంబడి ఉండి బ్లాకు అంచు సాగదు.

ముడతకు కారణం కుట్టు చుక్క దాటడం. ప్రతి ముక్కకూ తప్పువైపు మూలల్లో, రెండు అంచుల నుంచీ ¼ అంగుళం లోపలికి పెన్సిలు చుక్క పెట్టండి. చుక్క నుంచి చుక్క వరకే కుట్టి, రెండు కుట్లు వెనక్కి వేసి ఆపండి. అక్కడ మూడు అతుకులు కలుస్తాయి. ఒక్క కుట్టు ఎక్కువైతే ముడత, తక్కువైతే చిల్లు. చతురస్రాన్ని గానీ త్రికోణాన్ని గానీ ఒకే ఊపులో తిప్పి కుట్టొద్దు. లోపలి చుక్క నుంచి బయటికి ఒక భుజం, మళ్లీ అదే చుక్క నుంచి రెండోది. చుక్క దగ్గరి కుట్లకు మిషను చక్రం చేత్తో తిప్పండి. ఈ ఒక్క విషయంలో మోటారు మిషను కన్నా పాత తొక్కుడు మిషనే నయం.

ప్రశ్న: పాత నూలు చీరలతో ఈ నక్షత్రం కుట్టొచ్చా? – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కుట్టొచ్చు. చీరను ఉతికి, చిక్కటి గంజి పెట్టి, ఆరాక ఇస్త్రీ చేసి, అప్పుడు కోయండి. కోశాక గంజి పెడితే తడికి క్రాస్ అంచు (నేత పోగుకు వాలుగా కోసినది) సాగుతుంది. ప్రతి డైమండుకూ రెండు భుజాలు పోగు వెంబడి, రెండు క్రాస్‌లో ఉంటాయి. పోగు భుజానికి క్రాస్ భుజాన్ని జోడించి, క్రాస్‌ది కింద ఉంచి కుట్టండి. బట్టను కింది నుంచి ముందుకు జరిపే మిషను పళ్లు దాన్ని సర్దుతాయి. పట్టీని మడిచి మాత్రం కోయకండి: సగం ముక్కలు తిరగబడి, క్రాస్‌కు క్రాసే ఎదురవుతుంది. పట్టు చీరకు గంజి పనికిరాదు, వెనక పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అతుక్కునే బట్ట) అతికించి కోయాలి.