ధర్నా వార్త రాయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీస్సులు.

అమలాపురంలో కంట్రిబ్యూటరుగా చేరావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. దాళ్వా (రెండో పంట) ధాన్యం కొనుగోళ్లు మొదలయ్యాక నీకు తగిలే తొలి పెద్ద వార్త రైతుల ధర్నాయే కావచ్చు కనుక, జిల్లా డెస్కులో కూర్చుని అలాంటి వార్తలు దిద్దినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

మా బల్ల మీదకు వచ్చిన ధర్నా వార్తలు చాలావరకు ఒకే మూసలో ఉండేవి. ఎక్కడ బైఠాయించారు, ఎంతసేపు వాహనాలు నిలిచిపోయాయి, సీఐ వచ్చి ఎలా నచ్చజెప్పారు అన్న వివరాల తరువాత నాయకుల పేర్లతో ఒక పేరా నిండేది. వాళ్లు రోడ్డెక్కిన కారణం చివరి వాక్యంలో ఉండేది. స్థలం చాలనప్పుడు డెస్కు కోసేది సరిగ్గా ఆ వాక్యాన్నే. పత్రిక రాజకీయ మొగ్గును బట్టి ఒకే నిరసన వేర్వేరుగా కనిపిస్తుందని హాంకాంగ్ పత్రికలను పరిశీలించి చాన్, లీ అనే పరిశోధకులు 1984లోనే రాశారు. మన జిల్లా పేజీలు రెండు పక్కపక్కన పెట్టి చదివేవాడికి అంతదూరం వెళ్లే పని లేదనుకో.

అందుచేత ధర్నాకు ముందురోజే కల్లంలోకి వెళ్లు. 75 కిలోల బస్తాకు మిల్లులో ఎంత తరుగు తీస్తున్నారో, కొనుగోలు కేంద్రంలో 17 శాతం లోపు చూపిన తేమ మిల్లుకు చేరేసరికి ఎంతయిందో రైతు దగ్గరున్న చీటీలు చూసి రాసుకో. కౌలు రైతయితే డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో తప్పక అడుగు. ఆ అంకెలు మొదటి పేరాలో పెడితే ఎవరూ కోయలేరు. రోడ్డు మీద ఆగిపోయిన బస్సులోని వాళ్ల ఇబ్బందీ వార్తే, కాదనను. కానీ అది రెండో పేరాకు చాలు.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు ఫొటో తీయడానికి తోపులాట లేదు, నాట్లు పడని చేలు తప్ప. సాధారణ రకం ధాన్యానికి క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర, పెరిగిన కూలి, పూడిపోయిన మురుగు కాలువలు అన్నవి వివరిస్తే తప్ప ఆ వార్తే లేదు. కారణాలు పరిశీలించడానికి ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందాతో కమిటీని వేయవలసి వచ్చింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఇందుకు భిన్నంగా జరిగింది: కేంద్రం తెచ్చిన వ్యవసాయ చట్టాలకు వ్యతిరేకంగా 2020 నవంబరు నుంచి చలిలో కూర్చున్న రైతుల కన్నా 2021 జనవరి 26న ఎర్రకోట దగ్గర జరిగిన గందరగోళమే టీవీల్లో ఎక్కువ కనిపించింది. తమ మాట తామే చెప్పుకోవడానికి ఆ శిబిరాల్లోని వాళ్లు అప్పటికే ‘ట్రాలీ టైమ్స్’ అనే పత్రిక పెట్టుకున్నారు.

హింస నిజంగా జరిగితే దాచవద్దు. కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చడంపై 2022 మే 24న మీ అమలాపురంలోనే ఇళ్లు తగలబడ్డాయి. అలాంటి రోజున ఎవరు ఏం చేశారో తేలినంతవరకే రాయాలి, ఒక కులాన్నంతటినీ నిందితుల వరుసలో నిలబెట్టకూడదు. పోలీసుల ప్రెస్‌నోట్ అన్నిటికన్నా ముందు వాట్సాప్‌లో వచ్చేస్తుంది, పైగా వాక్యాలు దిద్దే పనీ ఉండదు. దానిని పోలీసుల మాటగానే రాయి, నీ మాటగా రాయవద్దు. జనం లెక్క కూడా నిర్వాహకులు చెప్పిందీ పోలీసులు చెప్పిందీ విడివిడిగా ఇవ్వు.

ధర్నా అయిన వారానికి మళ్లీ అదే కల్లానికి వెళ్లి, వినతిపత్రం తీసుకున్న అధికారి ఏం చేశారో, తరుగు తగ్గిందో లేదో కనుక్కొని చిన్న వార్తయినా పంపు. పాత వార్తే కదా అని డెస్కులో ఎవరైనా పక్కన పెడితే, ఆ రైతు పాత చీటీనీ కొత్త చీటీనీ ఫొటో తీసి జతచేసి మళ్లీ పంపు.

ఇట్లు,
మీ మామయ్య