కంప్యూటర్‌ని స్టీరియోకి కలపడానికి డాక్ కొనక తప్పదా?

ప్రశ్న: ఇంట్లో పాత స్టీరియో యాంప్లిఫయర్, స్పీకర్లు ఉన్నాయి. పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. రెండూ కలపాలంటే డాక్ (డీఏసీ, అంటే కంప్యూటర్‌లోని డిజిటల్ అంకెల్ని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే డబ్బా) కొనాల్సిందేనా, లేక మంచి కేబుల్ ఒకటి వేస్తే సరిపోతుందా?

కొనాల్సిందే అని ఏమీ లేదు. మీ ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ జాక్ ఉంటే, ఒక చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర ఎరుపు, తెలుపు పిన్నులు ఉండే మామూలు వైరు తెచ్చుకోండి. యాంప్లిఫయర్ వెనక ఆక్స్ అనో, సీడీ అనో, ట్యూనర్ అనో రాసి ఉన్న చోట గుచ్చండి. పాట వస్తుంది. ఫోనో అని రాసి ఉన్న చోట మాత్రం పెట్టకండి. అది రికార్డు ప్లేయర్ కోసం. రికార్డు మీద బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు కాబట్టి ఆ ఇన్‌పుట్ దానికి విరుగుడుగా బేస్‌ని లేపుతుంది. పైగా సూది నుంచి వచ్చే కొద్దిపాటి మిల్లీవోల్టుల కోసం తయారైంది. ల్యాప్‌టాప్ ఇచ్చేది అంతకు వందల రెట్లు ఎక్కువ. అక్కడ పెడితే మీకు వినిపించేది పాట కాదు, రభస.

అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఈ ప్రశ్న ఎవరు అడిగినా జనం చెప్పే సలహాలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకని ఇంకాస్త రాస్తాను.

అందరూ ముందు బిట్ల లెక్కలతో మొదలుపెడతారు. 16 చాలదు 24 కావాలి, 96 కిలోహెర్ట్జ్ చాలదు 192 కావాలి అని. సీడీలో ఉన్నది 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అంటే శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని (దాన్నే శాంపిల్ అంటారు) 16 బిట్ల అంకెగా రాస్తారు. దాంతో అందులో సగం, అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న శబ్దమంతా పట్టుకోవచ్చు. మనిషి చెవి కుర్ర వయసులోనే 20 దగ్గర ఆగిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా కిందికి దిగుతుంది. కళ్ళజోడు లేకుండా కేబుల్ మీద అక్షరాలు చదవలేని వాళ్ళు కూడా 192 గురించి వాదిస్తుంటారు. అన్నట్టు ఈ 44.1 అనే వింత అంకె ఎక్కణ్ణించి వచ్చిందంటే, తొలిరోజుల్లో డిజిటల్ ఆడియోని వీడియో టేపుల మీద రికార్డు చేసేవాళ్ళు. వీడియో బొమ్మలో గీతకి 3 శాంపిళ్ళు, ఫీల్డుకి (అంటే సగం బొమ్మకి) 245 గీతలు, సెకనుకి 60 ఫీల్డులు. గుణించి చూడండి, సరిగ్గా 44,100. ఇది తెలుసుకుంటే మీ పాట బాగుపడదు, నాకు చెప్పడం ఇష్టం అంతే.

కంప్యూటర్‌ని స్టీరియోకి కలిపినవాళ్ళని నిజంగా ఏడిపించేది బిట్లు కాదు. హమ్. పాట వెనకాల ఆగకుండా గుయ్‌మంటూ ఉండే మోత. దాని గురించి డబ్బా మీద రాయరు, సమీక్షల్లో చెప్పరు.

మా అన్నయ్య ఇల్లు మారుతూ తన యాంప్లిఫయర్, స్పీకర్లు నాకు ఇచ్చేశాడు. అలవాటుగా టీవీ ఆడియో కూడా దానికే కలిపాను, పక్కనే ల్యాప్‌టాప్. ఒక సెలవురోజు సాయంత్రం అన్నయ్య, వదిన, బాబాయి వచ్చారు. ఆడియో పిచ్చి ఉన్న స్నేహితుడు ఒకడు కూడా వచ్చాడు. అందరినీ కూర్చోబెట్టి, తంబురా శ్రుతితో మొదలయ్యే పాట ఒకటి పెట్టాను. శ్రుతి వినిపిస్తోంది. గాయకుడు అందుకున్నాడు. ఎక్కడో ఏదో తేడాగా ఉంది. పాట ఆపాను. శ్రుతి ఆగలేదు! గదంతా సన్నగా గుయ్‌మంటోంది. హమ్ కూడా ఒక శ్రుతే కదా, కాకపోతే గాయకుడి శ్రుతితో కలవదు.

"ఫ్రిజ్ మోతా?" అంది వదిన.

మా స్నేహితుడు నవ్వి, "నేను ముందే చెప్పాను కదా, నువ్వు వాడే వైరు బొమ్మల్లో పెట్టేది" అని బ్యాగు తెరిచాడు. కొండచిలువ పిల్లలా ఒక కేబుల్ తీశాడు. ఆక్సిజన్ లేని రాగి అట, షీల్డింగు పొరలు పొరలుగా ఉంటుందట, పిన్నులకి బంగారు పూతట. అంత లావు వైరుకి మా యాంప్లిఫయర్ వెనక చోటు చాలక స్టాండు ముందుకి లాగాం. స్టాండు వెనక దుమ్ము అందరి ముందూ బయటపడింది. పెట్టాడు, ఆన్ చేశాడు. గుయ్.

"కొత్త కేబుల్ కదా, కొన్ని గంటలు వాడాక సెట్టవుతుంది" అన్నాడు వాడు.

బాబాయి ఉద్యోగమంతా విద్యుత్ సబ్‌స్టేషన్లలో గడిపిన మనిషి. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "ఏరా, ఆ ల్యాప్‌టాప్ చార్జర్ ఒకసారి పీకు" అన్నాడు. పీకాను. నిశ్శబ్దం. "మళ్ళీ పెట్టు." గుయ్. "ఇప్పుడు చార్జర్ అలాగే ఉంచి, టీవీ వెనక కేబుల్ కనెక్షన్ వైరు ఊడదియ్యి." తిప్పి ఊడదీశాను. మళ్ళీ నిశ్శబ్దం!

స్నేహితుడు ఊరుకోలేక, "అదేంటండీ, ఇంతకీ తప్పు దేనిది? చార్జర్‌దా, టీవీదా?" అని అడిగాడు.

"దేనిదీ కాదయ్యా. రెండూ తగిలించి ఉంటేనే చుట్టు పూర్తవుతుంది" అన్నాడు బాబాయి.

సంగతి ఏమిటంటే, మూడు పిన్నుల చార్జర్ ద్వారా ల్యాప్‌టాప్ మన ఇంటి ఎర్త్‌కి కలుస్తుంది. ఆడియో వైరు పైపొర ద్వారా ఆ ఎర్త్ యాంప్లిఫయర్‌కి, అక్కణ్ణించి టీవీకి చేరుతుంది. టీవీకి వచ్చే కేబుల్ కనెక్షన్ వైరు పైపొరని వాళ్ళు ఇంకెక్కడో ఎర్త్ చేసి ఉంటారు. రెండు ఎర్త్‌ల మధ్య ఎంతో కొంత వోల్టేజీ తేడా ఉండనే ఉంటుంది. ఆ తేడా వల్ల ఆడియో వైరు పైపొరలోంచే కరెంటు పారుతుంది. యాంప్లిఫయర్‌కి పాటేదో పవరేదో తెలియదు, వచ్చినదాన్నల్లా పెంచి స్పీకర్లోకి పంపుతుంది. మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట 50, 100 హెర్ట్జ్, 60 ఉన్నచోట 60, 120 అలా మోగుతూనే ఉంటుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. వైరుకి బంగారం పూసినా, వజ్రాలు పొదిగినా ఇది పోదు.

వదిన, "అయితే అంత లావు వైరు ఎందుకు మరి?" అంది మామూలుగానే. మావాడు దాన్ని చుట్టి బ్యాగులో పెట్టేసుకున్నాడు.

కాబట్టి ముందు మీరు చేయాల్సింది ఇది. మామూలు వైరుతోనే కలపండి. హమ్ వస్తే చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. ఆగిందంటే మీ జబ్బు లూపే. బయటి నుంచి వచ్చే వైర్లు, టీవీ కేబుల్, డిష్ వైరు లాంటివి ఒక్కొక్కటే ఊడదీసి చూస్తే రెండో చివర దొరుకుతుంది. తర్వాత ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెట్టుకోవచ్చు. లోపల ఉండేది బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, అంతే. నాసిరకానివైతే బేస్ కొంచెం తగ్గుతుంది, అయినా హమ్ కంటే నయం. కొందరు మహానుభావులు చార్జర్ ఎర్త్ పిన్ను విరిచెయ్యమంటారు. హమ్ పోతుంది, నిజమే. ఏదైనా తేడా వచ్చి కరెంటు బాడీకి ఎక్కినప్పుడు మనల్ని కాపాడేదీ ఆ పిన్నే. ఆ సలహా ఇచ్చినవాళ్ళ మాట ఇంకే విషయంలోనూ వినకండి.

ఇప్పుడు డాక్ దగ్గరికి వద్దాం. హమ్ పోవాలని యూఎస్‌బీ డాక్ కొనేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొని, పెట్టి, అదే గుయ్ విని, ఇంకా ఖరీదైనది కొంటారు. యూఎస్‌బీ వైరులోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది బాబూ! లూపు అలాగే ఉంటుంది, మధ్యలో ఇంకో డబ్బా చేరుతుంది అంతే. హెచ్‌డీఎంఐకీ ఇదే వరస. కరెంటు దాటలేనిది ఒక్కటే, ఆప్టికల్ వైరు. ప్లాస్టిక్ పోగులో ఎర్రటి వెలుతురు పోతుంది, రాగి ముక్క ఉండదు. తోషిబా వాళ్ళు 1983లో తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పటికీ దీని అంత సుఖమైనది నాకు కనబడలేదు. అయినా కంపెనీలకి మంచిది కనిపిస్తే తీసేయాలనిపిస్తుందేమో. 2016కి ముందు వచ్చిన చాలా మాక్‌బుక్ ప్రోల్లో హెడ్‌ఫోన్ జాక్ లోపలే ఆప్టికల్ కూడా దాగి ఉండేది, ఆ ఏడాది మోడల్ నుంచి తీసేశారు. ఉన్న సంగతే చాలామందికి తెలియదు. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో కొన్నిటికి ఇంకా వస్తోంది, మీది డెస్క్‌టాప్ అయితే వెనక చూసుకోండి. ల్యాప్‌టాప్ అయితే యూఎస్‌బీ తీసుకుని ఆప్టికల్ ఇచ్చే చిన్న డబ్బాలు ఉంటాయి.

నేను చివరికి చేసింది అదే. ల్యాప్‌టాప్ నుంచి ఆ డబ్బా, అక్కణ్ణించి ఆప్టికల్ వైరు, అటు చివర ఒక డాక్, డాక్ నుంచి యాంప్లిఫయర్ ఆక్స్‌లోకి. అంటే అవును, నేనూ డాక్ కొన్నాను. అన్నయ్య యాంప్లిఫయర్ పాతది కాబట్టి దానికి ఆప్టికల్ ఇన్‌పుట్ లేదు, అందుకు. బిట్ల కోసం కాదు.

డాక్ నిజంగా పనికొచ్చే సందర్భం ఇంకొకటి ఉంది. మౌస్ కదిపినా, పేజీ జరిపినా స్పీకర్లో జిర్రుజిర్రుమంటుంటే అది ల్యాప్‌టాప్ లోపలి గోల. ప్రాసెసర్, గ్రాఫిక్స్ పక్కనే ఆడియో సర్క్యూట్ పెట్టడం వల్ల వచ్చేది. దానికి బయటి డాక్ మంచిదే. అదీ పెద్ద డబ్బా అక్కర్లేదు. జాక్ లేని ఫోన్లకి వేసుకునే టైప్-సీ డాంగిల్ ఉంటుంది చూడండి, చాలావాటిలో ఉన్నది చిన్న డాకే. దాంతో మొదలుపెట్టండి. కొత్తగా కొనేది ఏదైనా డ్రైవర్ అడగనిది చూసుకోండి. యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే పద్ధతికి విండోస్ తనంతట తాను డ్రైవర్ ఇచ్చింది 2017లో. అంతవరకూ ఒక్కో కంపెనీ డ్రైవర్‌ని వెతుక్కుని ఎక్కించుకోవాల్సి వచ్చేది, అది కాస్తా విండోస్ అప్‌డేట్ రాగానే చచ్చిపోయేది. ఆ టెన్షన్ ఇప్పటివాళ్ళకి లేదు.

సౌండ్ ఎక్కడ పెంచాలో కూడా చెప్తాను. కంప్యూటర్లో దాదాపు ఫుల్ పెట్టి, తగ్గించడం పెంచడం యాంప్లిఫయర్ నాబ్‌తో చేయండి. కంప్యూటర్లో తగ్గిస్తే పాట తగ్గుతుంది కానీ దాని అవుట్‌పుట్‌లో ఉండే సన్నని బుస తగ్గదు. తర్వాత యాంప్లిఫయర్‌లో పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. సౌండ్ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నవన్నీ తీసేయండి, ల్యాప్‌టాప్ బుల్లి స్పీకర్ల కోసం పెట్టిన మసాలా అది. ఇక నోటిఫికేషన్ శబ్దాలు కచ్చితంగా ఆపేయండి. పెద్ద స్పీకర్ల పక్కన కళ్ళు మూసుకుని ఆలాపన వింటున్నప్పుడు, బ్యాటరీ తక్కువ ఉందని టింగ్‌మంటే గుండె ఆగినంత పనవుతుంది.

బ్లూటూత్ పెట్టుకోకూడదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఇల్లు ఊడ్చేటప్పుడు పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు? హమ్ సమస్య కూడా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ సీడీ డేటా సెకనుకి 1,411 కిలోబిట్లు. మామూలు బ్లూటూత్ పాటని కుదించే ఎస్‌బీసీ అనే పద్ధతి మహా అయితే 328 దగ్గర ఆగుతుంది. మీరు దాచుకున్న ఎంపీ3 అప్పటికే ఒకసారి నలిగినది, దాన్ని ఇంకోసారి నలిపి పంపుతుంది. పైగా పక్కగదిలోంచి ఎవరి ఫోనో కనెక్టయి, మీ పాట మధ్యలో వాళ్ళ రీలు మోగుతుంది.

ఫైళ్ళ మాటకొస్తే, 128 కేబీపీఎస్ ఎంపీ3లని ఫ్లాక్ అనే, ఏమీ పోకుండా కుదించే ఫైలు పద్ధతిలోకి మార్చి మురిసిపోయేవాళ్ళని చూశాను. ఫైలు లావవుతుంది, పోయినది తిరిగి రాదు. సీడీలు మీ దగ్గర ఉంటే వాటి నుంచే నేరుగా ఫ్లాక్ తీసుకోండి. సీడీలో పట్టే చోటులో దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతులు పడుతుంది, ఒక్క బిట్టు పోదు. తీసేటప్పుడే పాటల పేర్లు రాసుకోండి, తర్వాత రాద్దాంలే అనుకున్నవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ ట్రాక్ 01, ట్రాక్ 02 అనే ఉంటాయి.

మీ యాంప్లిఫయర్ వెనక భాగం ఫొటో ఒకటి పెట్టండి, ఏది ఎక్కడ గుచ్చాలో చెప్తాను. టీవీ కూడా దానికే కలిపి ఉందా, ల్యాప్‌టాప్ చార్జర్ రెండు పిన్నులదా, మూడు పిన్నులదా అన్నది కూడా రాయండి.