మీట ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: రోబోల సీరియల్ ఏది చూసినా చివరికి యంత్రం కన్నా మనిషే క్రూరుడని తేలుతుంది. రచయితలకు మనుషుల మీద అంత కోపమా?

జవాబు: కోపం కాదండీ. 'రోబో' అన్న మాటే వెట్టిచాకిరీ అని అర్థమున్న చెక్ భాష మాట నుంచి వచ్చింది. 1920లో కారెల్ చాపెక్ రాసిన నాటకంలోది. 1938లో బీబీసీ ఆ నాటకంలోని కొంత భాగాన్నే 35 నిమిషాల పాటు టీవీలో చూపింది. అంటే రోబో టీవీలోకి అడుగుపెట్టిందే వెట్టివాడిగా.

తోటి మనిషి జోలికి పోకుండా మనల్ని ఆపేవి చట్టం, చూసే నలుగురు, ఎదుటివాడు తిరగబడతాడన్న జంకు. రోబో దగ్గర ఈ మూడూ ఉండవు. 'వెస్ట్‌వరల్డ్' (2016) సీరియల్‌లో మనుషుల్లాంటి రోబోలతో నిండిన వినోద పార్కు ఉంటుంది. అక్కడ సందర్శకుడు రోబోను కాల్చిపారేసినా దాన్ని బాగుచేసి, జ్ఞాపకాలు తుడిచి, మళ్లీ పాత చోటే నిలబెడతారు. మొదటి ఎపిసోడ్‌లో ఈగను గమనించండి. కంటి మీద పాకినా రోబో రెప్ప కదలదు. ప్రాణికి హాని చేయనని చెప్పిన డొలోరెస్ అనే రోబో ఆఖర్న మెడ మీద వాలిన ఈగను ఒక్క దెబ్బతో చంపుతుంది. ఆ హింస ఎవరి దగ్గర అబ్బిందో డైలాగు లేకుండానే తెలిసిపోతుంది.

ప్రశ్న: రోబోకి చైతన్యం ఉందో లేదో తేల్చకుండా కథ ముగించడం తప్పించుకోవడం కాదా?

జవాబు: కాదు. 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్'లో 1989 నాటి 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఎపిసోడ్ చూడండి. డేటా అనే ఆండ్రాయిడ్‌ను, అంటే మనిషి రూపంలోని రోబోను, విప్పి పరిశీలిస్తానంటాడు ఒక శాస్త్రవేత్త. డేటా తను పనిచేసే అంతరిక్ష దళం స్టార్‌ఫ్లీట్‌కు ఆస్తా, కాదా అని విచారణ. స్నేహితుడు, తోటి అధికారి అయిన రైకరే డేటాకు వ్యతిరేకంగా వాదించాలి. కాదంటే డేటా ఓడినట్టే. తెర మీద డేటా నిర్మాణం వెతుకుతూ, ఆపే మీట కనబడగానే రైకర్ ముఖం వెలుగుతుంది. వెంటనే ఆ నవ్వు వాడిపోతుంది. గెలవాలన్న తపన, స్నేహం ఒకే ముఖంలో పోట్లాడుకోవడం ఇంత దగ్గరగా చూపిన షాట్లు అరుదు.

తీర్పులో న్యాయాధికారి ఆత్మ సంగతి తేల్చదు. డేటా ఆస్తి కాదు, ఎంచుకునే స్వేచ్ఛ ఉంది అంటుంది. చైతన్యమున్నవాణ్ణి ఆస్తి అని పొరబడితే అది బానిసత్వం. లేనివాడికి స్వేచ్ఛ ఇచ్చి పొరబడితే పోయేది ఒక పరిశోధన. ఈ రెండు పొరపాట్ల బరువు ఒకటి కాదు.

ప్రశ్న: స్క్రిప్టు రాస్తున్నాను. నా రోబో వేషం కట్టిన మనిషిలా ఉందంటున్నారు. ఏం మార్చాలి?

జవాబు: దానికి ఏం చేతకాదు, అది ఏం గుర్తుంచుకుంటుంది, ఆపే మీట ఎవరి చేతిలో ఉంది, దాని చాకిరీతో ఎవరికి లాభం: ముందు ఇవి రాసిపెట్టుకోండి. పెట్టిన నియమాన్ని క్లైమాక్స్ కోసం సడలించకండి. మొదట్లోనే రోబో చేత కన్నీళ్లు పెట్టించకండి. కన్నీళ్లకు ఎవరైనా కరుగుతారు, ఇక మీ మనిషి పాత్ర తేల్చుకోవలసింది ఏమీ మిగలదు.

నిర్ణయానికి ఒక తూకం పెట్టండి. 'ద ట్విలైట్ జోన్'లోని 'ద లోన్లీ' (1959)లో ఒంటరి ఖైదీకి ఆడ రోబో తోడు. విడుదల రోజున అంతరిక్ష నౌకలో అతని సామానుకు 15 పౌండ్లే చోటు. ఆమె మనిషేనన్న అతని నమ్మకం ఆ అంకెకు తగిలి ఆగుతుంది. మీరూ బరువో, గడువో, మిగిలిన బ్యాటరీ శాతమో రెండో సీన్‌లోనే వేసిపెట్టండి. ఆఖరి సీన్‌లో మీట దగ్గరికి వెళ్లే చెయ్యి మాత్రం మనిషిదే కావాలి.