డాక్టర్ సలహా: ఒకరి మాత్ర ఇంకొకరికి వద్దు

ప్రశ్న: మాది అనంతపురం. నాకు 72 ఏళ్లు, మా ఆవిడకు 67. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉంటారు. నాకు పదిహేనేళ్లుగా బీపీ, షుగరు. షుగరుకు గ్లిమెపిరైడ్, బీపీ మాత్ర, దాంతోపాటు నీరు పోయే మాత్ర వాడుతున్నాను. రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని మాత్రలన్నీ అప్పుడే వేసుకుంటాను. ఈ మధ్య తెల్లవారుజామున మూత్రానికి లేస్తే తూలు వస్తోంది. ఒకసారి బాత్రూం గడప దగ్గర పడబోయి గోడ పట్టుకున్నాను. మా ఆవిడ బీపీకి టెల్మిసార్టాన్ వాడుతోంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ ఏడాదిగా రోజూ వేసుకుంటోంది. రెండు నెలలుగా పాదాలు వాస్తుంటే నా నీటి మాత్రలో సగం ఆమెకు ఇస్తున్నాను. ఈ వయసులో మోకాళ్ల ఆపరేషన్ చేయించవచ్చా? ఇద్దరికీ బలానికి మంచి టానిక్ ఏదైనా చెప్పండి.

జవాబు: ఆపరేషన్, టానిక్ సంగతి తర్వాత చూద్దాం. నన్ను కలవరపెట్టినవి ఆ పాదాల వాపు, మీరు ఇస్తున్న సగం మాత్ర.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయి పాదాలు వాస్తాయి, బీపీ పెరుగుతుంది. అంటే వాపు ఆ మాత్ర వల్లే వచ్చి ఉండవచ్చు. దాన్ని తగ్గించాలని మీరు ఇంకో మాత్ర జోడించారు. టెల్మిసార్టాన్, నీటి మాత్ర, నొప్పి మాత్ర, ఈ మూడూ ఒకే మనిషికి పడితే కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతినే ప్రమాదం ఉంది. అందులోనూ మన ఎండలు. 40 డిగ్రీలు దాటిన రోజున నాలుగు విరేచనాలు అయినా ఒంట్లో నీరు తగ్గి పరిస్థితి చేయి దాటవచ్చు. కిడ్నీల పనితనం దాదాపు సగం తగ్గేదాకా కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెద్దగా పెరగదు, మనిషికి ఏమీ తెలియదు. బాగానే ఉంది కదా అనుకోవడానికి లేదు.

ఉత్తరం చూసి జబ్బు నిర్ధారించలేను. గుండె, థైరాయిడ్, లివర్ సమస్యల్లోనూ పాదాలు వాస్తాయి. కానీ ఈ రోజు నుంచే షాపులో కొన్న నొప్పి మాత్రా, మీ నీటి మాత్రా ఆమెకు ఆపేయండి. ఆమె బీపీ మాత్ర మాత్రం సొంతంగా మానవద్దు. ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, హిమోగ్లోబిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పరీక్షలు రాస్తారు. పడుకుంటే ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, మలం తారులా నల్లగా వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా వారం ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నా ఓపీలో తరచూ చూసేది చెబుతాను. భార్యాభర్తలు కలిసి వస్తారు, చీటీ ఆయన పేరు మీద రాయిస్తారు. ఆమె పక్కన కూర్చుంటుంది. లేవబోతూ ఆయన, "ఈమెకూ కాళ్లు వాస్తున్నాయి, ఏదైనా రాయండి" అంటారు. అప్పుడు చేతిసంచిలోంచి బిస్కెట్ల డబ్బా బయటికొస్తుంది. ఇద్దరి మాత్రలూ అందులోనే. షాపులో కత్తెరతో రెండేసి కత్తిరించి ఇచ్చిన ముక్కలు. వాటి మీద మందు పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ అసలు ఉండదు. కొన్ని విడి మాత్రలు కాగితం పొట్లంలో. ఏది ఎవరిదని అడిగితే రంగు చెబుతారు, తెల్లది షుగరుకు అంటారు. ఆ డబ్బాలో తెల్లవి మూడు రకాలు! షుగరు లేని మీ ఆవిడ పొరపాటున మీ గ్లిమెపిరైడ్ మింగితే స్పృహ తప్పవచ్చు. దయచేసి రెండు డబ్బాలు పెట్టండి. ఆమె పేరుతో విడిగా చీటీ రాయించండి. ఆమెకూ డాక్టరు పూర్తిగా సమయం ఇవ్వాలి.

ఇక మీ తూలు. దీన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నాకు అంత తేలికగా కనిపించలేదు. నీటి మాత్ర రాత్రి వేసుకుంటే మూత్రానికి లేవక తప్పదు. చీటీలో పొద్దున అని ఉందేమో చూడండి. సగం ఆమెకు ఇస్తున్నారు కనుక మీకు పడుతున్నదీ సగమేనా? అదీ మీ డాక్టరుకు చెప్పాలి. పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు ఇంకోసారి బీపీ చూపించండి. పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే మాత్రలు సరిచూడాలి. రెండు ఇడ్లీల మీద గ్లిమెపిరైడ్ వేసుకుంటే తెల్లవారుజామున షుగరు పడిపోనూ వచ్చు. తూలినప్పుడు వేలి రక్తంతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఈ వయసులో షుగరును మరీ కిందికి దించాల్సిన పని లేదు. లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోండి. గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. తుంటి విరిగితే మీ ఇద్దరి జీవితమూ మంచానికి కట్టుబడిపోతుంది.

మోకాళ్లకు ఆపరేషన్ చేయడానికి 67 ఏళ్లు అడ్డు కాదు. కిడ్నీలు, గుండె, బీపీ ఎలా ఉన్నాయో తేలాకే ఆ మాట. ఈలోగా నేల మీద కూర్చోవడం మానాలి. కుర్చీలో కూర్చుని కాలు చాపి అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నిలిపే వ్యాయామం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. నొప్పికి పారాసిటమాల్ అయినా ఎంతో డాక్టరే చెప్పాలి. ఇంకొకటి, మీరు తాగేది బోరు నీళ్లా? మన జిల్లాలో చాలాచోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి తాగితే కీళ్లు, వెన్ను బిగుసుకుపోతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచినంత మాత్రాన అది పోదు. నీటిని పరీక్ష చేయించండి.

టానిక్ రాయను. మీకు కావలసింది రాత్రి కాస్త పప్పు, పెరుగుతో భోజనం. ఎంత తినాలో మీ డాక్టరును అడగండి, ఆమెకైతే కిడ్నీ రిపోర్టు చూశాకే.

మీ చీటీ, ఆమె చీటీ ఫోటో తీసి ఈ రాత్రికే బెంగళూరు పంపండి. పిల్లలను కంగారు పెట్టడం ఎందుకని దాచకండి. ఆమె క్రియాటినిన్, మీ నిలబడిన బీపీ అంకెలు వచ్చాక మళ్లీ రాయండి. ఆపరేషన్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.